నత్తులో ఏడో రాయి: విజయనగరం నుంచి శ్రీముఖలింగం దాకా

మొదటి రోజు, శుక్రవారం

రాత్రంతా రైల్లో బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, జిప్పు మీద చెయ్యి తియ్యకుండా కూర్చున్నాను. విజయనగరంలో దిగేసరికి ఎనిమిది దాటింది. కార్తీకమాసపు చలి. స్టేషన్ బయట టీ బండి పొగ, ఆటోల వాళ్ళ కేకలు. నేను ఎక్కిన ఆటో అద్దం మీద పసుపు అక్షరాలతో ‘జై పైడితల్లి’ అని రాసుంది. నడిపే అబ్బాయి పేరు కూడా పైడితోనే మొదలైంది. పైడి అంటే బంగారం. పైడిరాజు, పైడమ్మ, పైడయ్య... ఊరి దేవతే బంగారు తల్లి అయినప్పుడు పిల్లలకు వేరే పేర్లు వెతుక్కోవలసిన పనేముంది? స్టేషన్ దగ్గరే అమ్మవారి వనం గుడి. ఆటో ఆపించి ఒక్క నిమిషం దండం పెట్టుకున్నాను.

నా బ్యాగులో ఉన్నది ఒక చిన్న స్టీలు డబ్బా. అమ్మ పోయాక బీరువా సర్దుతుంటే చీరల కింద దొరికింది. పసుపు అంటిన గుడ్డలో మూటగట్టిన అమ్మమ్మ నగలు. హైదరాబాద్‌లో ఒక షోరూంకి తీసుకెళ్తే కౌంటర్‌లో అబ్బాయి రెండు నిమిషాల్లో తేల్చేశాడు. ‘రాళ్ళు పీకేసి, లక్క తీసేసి, కరిగించి తూకం వేస్తాం మేడమ్. కొత్త మోడల్ తీసుకోండి.’ పది గ్రాములు లక్ష దాటిన రోజులు. అతను చెప్పింది వ్యాపారానికి సరైన మాటే. కానీ అందులో ఉన్న వాటిలో సగం నగల పేర్లు నాకు తెలియవు. పేరు తెలియని వస్తువును కరిగించమని ఎలా చెప్పను? అందుకే విజయనగరం బయల్దేరాను. ఇంకో పని కూడా ఉంది. అమ్మమ్మ ముక్కుకు పెట్టుకున్న నత్తులో ఒక రాయి ఊడిపోయింది. దాన్ని పెట్టించాలి.

పెద్దమ్మ ఇల్లు ఘంటస్తంభం వెనక సందులో. ఎనభై దాటిన మనిషి. కాఫీ ఇచ్చి, చేతులు కడుక్కుని వచ్చి, చాప మీద కూర్చుని డబ్బా విప్పమంది. మూట విప్పగానే ఒక్కొక్కటీ వేలితో తాకుతూ పేర్లు చెప్పింది.

‘ఇవి బావిలీలు. చెవి పైభాగంలో పెట్టుకునేవి. ఇవి గంటీలు, ఇవీ చెవులకే. ఇది అడ్డబాస, ముక్కుకు. ఇవి కాసులు. అమ్మ కాసులపేరులోవి, మిగతావి మీ మావయ్య చదువుకి ఎల్లిపోయాయి. ఇదిగో, ఇదే నత్తు.’

నాలుగు కాసులు మిగిలాయి. ఒక్కోటి దగ్గర దగ్గర 8 గ్రాములు. మన వైపు ‘కాసు’ అంటే ఇప్పటికీ 8 గ్రాముల లెక్కే. ఇంగ్లీషు వాళ్ళ సవరను అనే బంగారు నాణెం బరువు 7.98 గ్రాములు కావడంతో ఆ లెక్క అలా నిలిచిపోయింది. నాణేన్ని మెడలో వేసుకోవడం అంటే బ్యాంకును మెడలో వేసుకోవడమే ఆ రోజుల్లో. పిల్లవాడి ఫీజు కట్టాల్సి వస్తే ఒక కాసు విప్పేస్తే చాలు, హారం హారంగానే ఉంటుంది. ఆ తరం ఆడవాళ్ళకు బ్యాంకు పాస్‌బుక్ లేదు గానీ ఎప్పుడు ఏ కాసు విప్పాలో వాళ్ళకు తెలుసు.

నత్తు మాత్రం ఎవరూ విప్పలేదు. నెలవంకలా ఒంగిన బంగారం, దాని మీద వరసగా ఏడు గూళ్ళు. ఆరింటిలో ఎర్ర రాళ్ళు, ఒకటి ఖాళీ. అంచున వడ్లగింజంతైనా లేని ముత్యాలు. నాకు అమ్మమ్మ ముఖం కంటే ముందు ఈ నత్తే గుర్తొస్తుంది. కాఫీ గ్లాసు నోటి దగ్గరకు తెచ్చుకునేటప్పుడు ఎడమ చేతి చూపుడు వేలితో నత్తును కొద్దిగా పైకెత్తి పట్టుకునేది. ఆ వేలు అలా లేవడం, గ్లాసు వంగడం, మళ్ళీ వేలు దిగడం. చిన్నప్పుడు నేను ఉత్తి వేలితో ముక్కు దగ్గర అలాగే చేసి నీళ్ళు తాగేదాన్ని.

‘ఇవాళే కంసాలి ఆచారి గారి దగ్గరకు వెళ్దామా?’ అన్నాను.

‘శుక్రవారం బంగారం గడప దాటిస్తారా ఎవరైనా?’ అంది పెద్దమ్మ. ఆ మాట మీద ఇంక అప్పీలు లేదు.

సాయంత్రం కోట దాకా నడిచాను. 1713లో విజయదశమి నాడు పునాది వేసిన కోట. ఇప్పుడు లోపల కాలేజీలు. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవంలో, పొడవాటి చింతమాను చివర కట్టిన పీట మీద పూజారి కూర్చుని, చదురు గుడి నుంచి ఈ కోట దాకా మూడుసార్లు వచ్చి వెళ్తారు. ఆ జాతరలో ఊళ్ళో ఉన్న నగలన్నీ బయటికి వస్తాయని అమ్మ చెప్పేది.

రెండో రోజు, శనివారం

ఆచారి గారి ఇల్లు పాత పెంకుటిల్లు. ముందు గదిలో ఒక కిటికీ, కిటికీ కింద నేల మీద ఎత్తు తక్కువ బల్ల, దాని ముందు చాప. వయసు డెబ్బైకి పైనే. తాత, తండ్రి, తను, ముగ్గురూ ఆ కిటికీ దగ్గరే కూర్చున్నారట. వెలుతురు తూర్పు నుంచి వస్తుంది కాబట్టి రాళ్ళ పని పొద్దున్నే చేస్తారు, కొలిమి పని ఎండ ఎక్కాక.

పనిముట్లు చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో. తీగ లాగే కమ్మచ్చు, ఇనుప పలకలో వరసగా చిన్న పెద్ద కన్నాలు. పెద్ద కన్నంలోంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే చిన్నదానిలోంచి లాగుతూ పోతే తీగ వెంట్రుకంత సన్నబడుతుంది. పట్టకార్లు, ఆకురాళ్ళు, వెలిగారం గిన్నె, దాగలి, చెయ్యి అరిగి నున్నబడిన సుత్తి. ఇప్పుడు గ్యాసు మంట ఉన్నా సన్న పనికి ఊదుగొట్టమే. నోటితో ఊదుతూ మంటను సూదిలా వంచి, కావలసిన చోట మాత్రమే తగిలేలా చేస్తారు. ఆయన బుగ్గలు ఉబ్బి, ఊపిరి ఆగకుండా, ముక్కుతో పీలుస్తూ నోటితో వదులుతూ ఉంటే, నాదస్వరం ఊదేవాళ్ళు గుర్తొచ్చారు. ఊదడం ఆపగానే ఒక పొడి దగ్గు. మధ్యలో కొన్నేళ్ళు అందరూ కేడీఎం అతుకులు అడిగేవాళ్ళట. కేడీఎం అంటే కాడ్మియం కలిపిన టంకం. అతుకు దగ్గర బంగారం స్వచ్ఛత తగ్గదు గానీ ఆ పొగ ఊపిరితిత్తులను తింటుంది. హాల్‌మార్కు నిబంధనలు ఇప్పుడు దాన్ని ఒప్పుకోవు. ‘స్వచ్ఛత కొన్నవాళ్ళకి, పొగ మాకు’ అన్నారాయన, ఏ కోపమూ లేకుండా.

నత్తు చేతికిచ్చాను. ఆయన ముందు దాన్ని అరచేతిలో పెట్టుకుని ఊరికే చూశారు. తర్వాత వెనక్కి తిప్పారు. చూసేవాళ్ళకు కనపడని వెనక వైపు కూడా సన్న లత చెక్కి ఉంది. ఇన్నేళ్ళలో నేను దాన్ని గమనించలేదు.

‘ఎవరు చేశారో గానీ మంచి చెయ్యి తల్లీ. ముక్కుకి ఆనే వైపు ఎవరు చూస్తారు? అయినా చెక్కాడు.’

గీటురాయి మీద ఒక చిన్న గీత గీసి, ఆసిడ్ చుక్క వేశారు. గీత కొంచెం పల్చబడి ఆగింది. ఇరవై కారెట్లకు అటూ ఇటూ ఉంటుందన్నారు. ఇప్పటి 916, అంటే 22 కారెట్లు, అప్పట్లో అందరూ పాటించిన లెక్క కాదు. అతుకులో రాగి ఎక్కువ పడేది. హాల్‌మార్కు గురించి అడిగాను. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్తగా అమ్మే నగ మీద హెచ్‌యూఐడీ, అంటే అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు గుర్తుల గుర్తింపు కోడ్ ఉండాలి. 2 గ్రాముల లోపు వాటికి, కుందనం పని నగలకు ఆ నిబంధన వర్తించదు. ఇంట్లో ఉన్న పాత నగకు ముద్ర లేదని భయపడక్కర్లేదు.

అసలు కథ రాళ్ళ దగ్గర మొదలైంది.

ఆయన కిటికీ తలుపు మూసి, నోట్లు పరీక్షించే ఊదారంగు టార్చి వెలిగించి నత్తు మీద వేశారు. చీకట్లో అయిదు రాళ్ళు నిప్పు కణికల్లా వెలిగాయి. ఆరోది నల్లగా ఉండిపోయింది.

నాకు గుండె ఝల్లుమంది. పెద్దమ్మ ‘ఓలమ్మా’ అంది.

ఆయన నిదానంగా వివరించారు. కెంపుకు ఎరుపు ఇచ్చేది క్రోమియం. ఆ లోహమే ఈ కాంతిలో ఎర్రగా మండుతుంది. వెలగని రాయి గార్నెట్. దానిలో ఇనుము ఉంటుంది, ఇనుము ఆ వెలుగును మింగేస్తుంది. పగటి వెలుతురులో రెండూ ఎరుపే. పక్క పక్కన పెట్టి చూస్తే గార్నెట్ ఎరుపులో కొంచెం వైన్ రంగు, కొంచెం మట్టి రంగు కనపడతాయి. కెంపు ఖనిజం పేరు కురువిందం. తమిళంలో కురుందం. ఆ మాటే ఇంగ్లీషులోకి వెళ్ళి కోరండం అయింది. వజ్రం తర్వాత అంత గట్టిది, గట్టిదనం కొలతలో 9. గార్నెట్ 7 పైచిలుకు.

‘అయితే మిగతా అయిదూ జాతి కెంపులేనా?’

‘వెలిగితే కెంపు అన్నంతవరకే చెప్పగలం. నేలలో పుట్టిందా, కొలిమిలో పుట్టిందా అన్నది వేరే లెక్క.’

భూతద్దం కంటికి తగిలించుకుని ఒక్కో రాయి మీదా చాలాసేపు ఒంగి కూర్చున్నారు. తర్వాత నాకు ఇచ్చి చూడమన్నారు. మొదట ఎర్రటి పొగ తప్ప ఏమీ కనపడలేదు. కళ్ళు అలవాటు పడ్డాక మూడు రాళ్ళలో సన్నటి పట్టుదారాల్లాంటివి కనపడ్డాయి, వానజల్లు ఒక వైపుకు వాలినట్టు. నేలలో పుట్టిన రాయికి ఉండే గుర్తు అది. మిగతా రెండూ అద్దంలా నిర్మలం. పట్టి పట్టి చూస్తే వాటిలో గ్రామఫోన్ రికార్డు మీద గీతల్లాంటి వంపులు. మంటలో పొడి కరిగించి కెంపు తయారుచేసే పద్ధతిని 1902లో ఫ్రాన్స్‌లో వెర్న్యూయ్ అనే రసాయన శాస్త్రవేత్త లోకానికి చెప్పాడు. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే ఆ రాళ్ళు దేశదేశాల బజార్లలోకి వచ్చేశాయి. పాత నగ కదా అని అన్నీ సహజమైన రాళ్ళే అనుకుంటే పొరపాటు. నూరేళ్ళ నాటి నగలోనూ కొలిమి కెంపు ఉండొచ్చు.

ఏడు గూళ్ళలో మూడు జాతి కెంపులు, రెండు కొలిమి కెంపులు, ఒక గార్నెట్, ఒక ఖాళీ. నాకు నిరాశ కలగలేదు. ఒక నగను ఎన్నిసార్లు ఎవరెవరు బాగు చేయించుకున్నారో ఆ రాళ్ళే చెబుతున్నాయి. పెద్దమ్మ మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అంది.

‘ఆ నల్లగా ఉండిపోయిన రాయి నాన్న పెట్టించింది. నాకు ఎనిమిదేళ్ళుంటాయి. సిరిమాను చూడటానికి వెళ్ళి తోపులాటలో అమ్మ నత్తుకు దెబ్బ తగిలి రాయి రాలిపోయింది. అమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. నాన్న బొబ్బిలి వెళ్ళినప్పుడు అక్కడ ఎవరి చేతో పెట్టించి తెచ్చారు. కెంపేనని చెప్పారు.’

తాతయ్య చిన్న రైతు. జాతి కెంపు కొనే స్తోమత ఆయనకు ఆ ఏడు ఉండి ఉండదు. కెంపేనని ఎందుకు చెప్పారో మా ముగ్గురిలో ఎవరమూ అడగలేదు.

రాయి ఎలా కూర్చుతారో ఆచారి గారు ఖాళీ గూడు చూపించి చెప్పారు. గూటిలో ముందు లక్క. దాని మీద తళుకు రేకు, కాంతిని తిప్పి కొట్టడానికి. రేకు మీద రాయి. చుట్టూ కుందనం, అంటే మేలిమి బంగారాన్ని కాగితం కంటే పల్చటి రేకుగా కొట్టి, మడిచి, రాయికీ గూటి గోడకీ మధ్య కూరి నొక్కుతారు. మంట అక్కర్లేదు. మేలిమి బంగారం అంత మెత్తన, ఒత్తిడికే ఒకదానికొకటి అతుక్కుపోతుంది. ఇలాంటి నగ పెట్టుకుని తలస్నానం చెయ్యకూడదు. నీళ్ళు లోపలికి వెళ్తే రేకు నల్లబడి రాయి చచ్చిపోతుంది. ‘చచ్చిపోతుంది’ అన్నది ఆయన మాటే.

‘ఏడో గూటిలో ఏం పెట్టమంటారు?’ అని అడిగారు. మంగళవారం లోపు చెబుతానన్నాను.

బయటికి వస్తుంటే పక్క వీధిలో ఒక మేడ మీద బెంగాలీ కుర్రాళ్ళు వరసగా కూర్చుని పని చేస్తున్నారు. షాపుల పని చాలావరకు ఇప్పుడు వాళ్ళ చేతుల్లోనే ఉంది. ఆచారి గారి కొడుకు విశాఖలో ఫార్మా కంపెనీలో ఉద్యోగి. ఆ కిటికీ దగ్గర నాలుగో మనిషి కూర్చోడు.

మూడో రోజు, ఆదివారం

పొద్దున్నే ఆర్టీసీ కాంప్లెక్స్‌లో శ్రీకాకుళం బస్సెక్కాను. రెండు గంటల ప్రయాణం. ఆదివారం, పైగా కార్తీకం, అరసవల్లి కిటకిటలాడిపోతోంది. ఏడో శతాబ్దంలో కళింగ గాంగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెప్పే సూర్యదేవాలయం. ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ, ఉదయపు కిరణాలు నేరుగా గర్భగుడిలో స్వామి పాదాల మీద పడతాయి. నేను వెళ్ళింది నవంబరులో. ఆ దృశ్యం ఈసారికి లేదు.

నవరత్నాల్లో సూర్యుడికి కెంపు. గుడి దారిలో దుకాణాల్లో ఎర్ర రాళ్ళ ఉంగరాలు ట్రేలలో పోసి పెట్టారు. ‘ఆదివారం పొద్దున్నే ఉంగరపు వేలికి పెట్టుకోండి, ఉద్యోగం వస్తుంది’ అని ఒక కుర్రాడికి చెబుతున్నారు. అతని ముఖంలో ఆశ చూసి నాకు బాధ కలిగింది. రాయి అందంగా ఉందని కొనుక్కుంటే ఆ అందం మనతో ఉంటుంది. టెన్షన్‌తో కొనుక్కుంటే టెన్షన్ కూడా వేలికే అంటిపెట్టుకుని ఉంటుంది. ఎంత చిన్న రాయి అయినా రసీదులో దాని పేరు, బరువు, సహజమైనదో కాదో రాయించుకోవాలి. ఆ కుర్రాడికి ఈ ఒక్క మాట చెప్పాను. విన్నాడో లేదో.

మధ్యాహ్నం శాలిహుండం. వంశధార ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాలు. 1919లో గిడుగు రామమూర్తి గారు ఈ చోటును గుర్తించారు. తవ్వకాల్లో ధాతుపేటికలు, అంటే అస్థికలు దాచిన పెట్టెలు దొరికాయి. బుద్ధుడి పేరు మీద అన్నీ వదిలేసిన భిక్షువుల మధ్య కూడా తార, మారీచి అనే బౌద్ధ దేవతలకు శిల్పులు హారాలు, కుండలాలు మలిచి పెట్టారు. దేవత అంటే నగ ఉండాలి అన్నది మతాల కంటే పాతది కాబోలు. కొండ మీంచి చూస్తే నది వంకర్లు తిరుగుతూ సముద్రం వైపు పోతోంది. నేనూ అటే వెళ్ళాను.

కళింగపట్నం. ఒకప్పుడు ఓడలు నిండిన రేవు. ఇప్పుడు లైట్‌హౌస్, చేపల వలలు, సాయంత్రం సరదాగా వచ్చిన జనం. ఇసుక మీద నడుస్తుంటే కాళ్ళ కింద రంగు మారింది. అల వెనక్కి పోయిన చోట ఎర్రటి చార, దాని పక్కనే నల్లటి చార, పసుపు కుంకుమ కలిపి చల్లినట్టు. ఒంగి గుప్పెడు తీసుకున్నాను. మామూలు ఇసుక కంటే బరువు.

ఆచారి గారి దగ్గర చూశాక నేనూ భూతద్దం ఒకటి కొని బ్యాగులో వేసుకున్నాను. అరచేతిలో పరిచి చూస్తే ఒక్కసారి ఊపిరి ఆగింది. ఒక్కో రేణువూ ఒక రాయి. గులాబీ, ఎరుపు, దానిమ్మ గింజ రంగు. లోపలికి వెలుతురు వెళ్ళి మళ్ళీ బయటికి వస్తోంది. గార్నెట్. తాతయ్య నత్తులో పెట్టించిన రాయి జాతే.

ఈ ఇసుక పుట్టిల్లు తూర్పు కనుమలు. ఆ కొండల్లో ఎక్కువగా కనపడే రాయికి భూగర్భ శాస్త్రంలో ఖొండలైట్ అని పేరు. ఖోండు గిరిజనుల పేరు మీద పెట్టారు. ఆ రాతి నిండా గార్నెట్లే. ఎండకూ వానకూ కొండ పొడిపొడిగా రాలితే వంశధార, నాగావళి మోసుకొచ్చి సముద్రంలో పోస్తాయి. సముద్రం దాన్ని జల్లెడ పడుతుంది. తెల్ల ఇసుక తేలిక, నీటి బరువుకు రెండున్నర రెట్లకు కొంచెం పైన. గార్నెట్ దాదాపు నాలుగు రెట్లు. అల తేలికదాన్ని లాక్కుపోతుంది, బరువైనదాన్ని ఒడ్డునే వదిలేస్తుంది. పక్కనున్న నల్ల చార ఇల్మనైట్ అనే ఖనిజం. కంసాలి దుమ్మును నీళ్ళలో కడిగి బంగారం రజను అడుక్కి దింపుతాడు కదా, అదే పని ఇక్కడ సముద్రం రోజూ చేస్తోంది.

ఈ రేణువులు నగలో పొదగడానికి పనికిరావు, మరీ చిన్నవి. గరుకు కాగితాలకు, నీటి ధారతో రాయినీ ఇనుమునూ కోసే యంత్రాలకు వాడతారు. నగకు సరిపడే గార్నెట్లు కొండ రాతిలోంచే రావాలి. అన్నట్టు రాహువు కోసం పెట్టుకునే గోమేధికం కూడా గార్నెట్ కుటుంబమే, తేనెరంగు చెల్లెలు. నవరత్నాల్లో వేరే పేరుతో కూర్చుంది కాబట్టి మనం చుట్టరికం గుర్తించం.

చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను. లేచేటప్పుడు గుప్పెట్లో ఇసుకను తీసిన చోటే వదిలేశాను. చీర కుచ్చిళ్ళలో మాత్రం చాలా మిగిలింది. రాత్రి లాడ్జిలో దులిపితే తెల్ల టైల్స్ మీద ఎర్రగా మెరిసింది.

నాలుగో రోజు, సోమవారం

శ్రీముఖలింగం. కార్తీక సోమవారం అంటే ఏమిటో అక్కడికి వెళ్తే తెలుస్తుంది. వంశధారలో స్నానాలు, ఒడ్డున దీపాలు, తడిబట్టలతో వరసలు. దర్శనానికి రెండు గంటలు పట్టింది. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనని చరిత్రకారులు చెబుతారు. అనంతవర్మ చోడగంగ రాజధానిని ఇక్కడి నుంచి కటకానికి, అంటే ఇప్పటి కటక్‌కు మార్చాడు. పూరీ జగన్నాథాలయం మొదలుపెట్టిన రాజు ఆయనే.

మూడు గుళ్ళు: మధుకేశ్వరం, భీమేశ్వరం, సోమేశ్వరం. మధుకం అంటే ఇప్పచెట్టు. స్థలపురాణం నాకు చాలా ఇష్టం. ఒక శబర నాయకుడికి ఇద్దరు భార్యలు. ఇంటి ముందు ఇప్పచెట్టుకు రెండు కొమ్మలు, ఒక్కో కొమ్మ పూలు ఒక్కొక్కరికి. శివభక్తురాలైన చిన్న భార్య ఏరుకునే పూలు బంగారు పూలయ్యేవట. పెద్దావిడ కోపం, గొడవ, చెట్టు నరకబోతే అందులోంచి శివుడి ముఖం. బంగారం మీద మొదలైన ఇంటి తగవు దేవుడిగా తేలింది. ఆ కథలో నాకు నచ్చేది బంగారు పూలు రాలడం కంటే, ఆ స్త్రీ రోజూ తెల్లవారకముందే లేచి పూలు ఏరుకోవడం. ఇప్పపూలు ఏరడం ఈ కొండల్లో ఇప్పటికీ ఆడవాళ్ళ పనే.

గోడల మీద శిల్పాలు చూస్తూ నేను చాలాసేపు నగలే చూశాను. కంటెలు, దండకడియాలు, వడ్డాణాలు, కాళ్ళకు అందెలు, కొప్పుల మీద పూలదండలు. శిల్పి రాతిలో ముత్యాల పేరును చెక్కితే ఒక్కో ముత్యం విడివిడిగా కనపడుతుంది. కంసాలి పని తెలియకుండా ఆ పని చెయ్యలేడు. వడ్డాణం కొక్కెం ఎక్కడ తగులుతుందో, హారం బరువుకు ఎటు వాలుతుందో అతనికి తెలుసు. దండకడియం ఒకటి అచ్చం అమ్మమ్మ పెళ్ళి ఫొటోలో ఉన్నదానిలా ఉంది. అది ఎప్పుడో కరిగిపోయి ఎవరి గాజులుగానో మారిపోయింది. బంగారం పోదు, రూపం పోతుంది. రాతి మీద రూపం ఉంది, బంగారం లేదు.

ఇక్కడ ఏలిన గాంగులు ముద్రించిన చిన్న బంగారు నాణేలను గాంగ ఫణాలు అంటారు. అర గ్రాము లోపు తూకం, గోరంత పరిమాణం. ఒక వైపు పడుకున్న నంది, రెండో వైపు రాజు ఏలుబడి ఏడు. అంత చిన్న చోట నందికి మూపురం, కొమ్ములు తెలిసేలా అచ్చు చెక్కిన చేతి పేరు ఏ శాసనంలోనూ లేదు. నత్తు వెనక లత చెక్కిన చేతి సంగతీ అంతే.

గుడి బయట కొండ చింతపండు, పసుపు కొమ్ములు పెట్టుకుని అమ్ముతున్న ఒక సవర గిరిజన ముసలమ్మ దగ్గర కూర్చున్నాను. మెడ నిండా రంగు పూసల పేర్లు, పది పన్నెండుంటాయి. ముక్కుకు రెండు వైపులా, మధ్యనా పోగులు. ‘అమ్మా, ఇన్ని పేర్లు బరువనిపించవా?’ అంటే నవ్వి, ‘తీసేస్తేనే బరువు’ అంది. పసుపు కొమ్ములు కొన్నాను.

తిరుగు దారిలో నరసన్నపేటలో దిగాను. చుట్టుపక్కల పల్లెల పెళ్ళిళ్ళ బంగారం ఎక్కువగా ఇక్కడే కొంటారు. ఒక షాపులో పాత బంగారం కౌంటర్ దగ్గర కాసేపు నిలబడ్డాను. ఒక నడివయసు దంపతులు జత గంటీలు, ఒక నాగరం ఇచ్చారు. నాగరం అంటే జడ మీద పెట్టుకునే పాముపడగ బిళ్ళ. కారెట్ మీటరులో పెట్టి స్వచ్ఛత చూశారు, రాళ్ళు పట్టకారుతో పీకి బల్ల మీద చిన్న గిన్నెలో వేశారు. రాళ్ళకు విలువ లేదు అన్నారు. కూతురి పెళ్ళి, కావలసింది చెయిను. ఆ తల్లి అవసరం నాకు అర్థమైంది, తప్పు పట్టలేను. కానీ మూసలో వేసే ముందు ఒక్క ఫొటో తీసి, దాని పేరు, ఎవరిదో రాసి పెట్టుకుంటే ఎంత బాగుండు. ఇది నేను కనపడిన ప్రతివాళ్ళకూ చెబుతున్నాను, ఆమెకూ చెప్పాను. ఆమె ఫోన్ తీసి నాగరాన్ని ఫొటో తీసుకుంది. తర్వాత గిన్నెలో రాళ్ళు తనకు ఇచ్చెయ్యమని అడిగి కొంగున ముడేసుకుంది.

బస్టాండు నుంచే ఆచారి గారికి ఫోన్ చేశాను.

‘ఏడో దాంట్లో గార్నెట్ పెట్టండి’ అన్నాను.

అవతల కాసేపు మాట లేదు. ‘నాన్నగారి రాళ్ళ డబ్బాలో ఒకటుంది. రంగు కలుస్తుందో లేదో పొద్దున్న వెలుతురులో చూస్తాను’ అన్నారు.

అయిదో రోజు, మంగళవారం

నేను విజయనగరం చేరేసరికి పదకొండు. కిటికీ దగ్గర పని అయిపోయింది. ఆచారి గారు నత్తును తెల్ల కాగితం మీద పెట్టి ఇచ్చారు. కుంకుడు రసంలో ముంచిన మెత్తటి కుంచెతో, రాళ్ళ మీద తడి పడకుండా, బంగారం మాత్రమే కడిగారట. వెనక లత ఇప్పుడు ఆకు ఆకుగా కనపడుతోంది. కొత్తగా కూర్చిన రాయి చుట్టూ కుందనం మిగతా వాటికంటే పచ్చగా ఉంది, కొన్నాళ్ళకు కలిసిపోతుందన్నారు. మజూరీ ఎనిమిది వందలు తీసుకున్నారు. రాయికి డబ్బు ఎంతకీ తీసుకోలేదు. ‘అది అమ్మకానికి పెట్టిన రాయి కాదు తల్లీ’ అన్నారు.

ఆయన పని చేస్తుండగా చేతులను ఫొటో తీసుకుంటానంటే ఒప్పుకున్నారు. ముఖం వద్దన్నారు.

ఇంటికొచ్చాక పెద్దమ్మ స్నానం చేసి, ఆవ పెట్టిన అరటికాయ కూర వండి, అప్పుడు నత్తు చూస్తానంది. ఆమె ముక్కుకు ఇప్పటికీ రంధ్రం మూసుకుపోలేదు, చిన్న పుడక ఎప్పుడూ ఉంటుంది. పుడక తీసి కొబ్బరినూనె రాసి నత్తు పెట్టాను. నా చేతులు వణికాయి, ఆమె కదలకుండా కూర్చుంది. అద్దం లోపల గదిలో ఉంది. లేవడం ఎందుకని స్టీలు డబ్బా మూత తీసి అందులో చూసుకుంది.

‘ఇందులో నాన్నది ఏది?’

ఎదురుగా కూర్చుని చూశాను. సాయంత్రం కావస్తోంది, తులసి కోట దగ్గర అప్పుడే పెట్టిన దీపం వెలుతురు ఆమె ముఖం మీద పడుతోంది. ఏడూ ఒకే ఎరుపు. పోల్చుకోలేకపోయాను, ఆ మాటే చెప్పాను.

పెద్దమ్మ ఏమీ అనలేదు. కాఫీ చల్లారిపోతోందని గ్లాసు అందుకుంది. ఎడమ చేతి చూపుడు వేలు దానంతటదే లేచి, నత్తును కొద్దిగా పైకెత్తి పట్టుకుంది.